పటాన్‌చెరు: ఊరందరికీ తెలిసిన నిజం.. జడ్జి ముందు ఎందుకు ఆగిపోతుంది?

ఫ్యాక్టరీ పేలింది. 54 మంది లేరు. తప్పెవరిదని పాశమైలారంలో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా నిమిషంలో జవాబు దొరుకుతుంది. మరి అదే జవాబు చెప్పడానికి కోర్టుకు ఇన్ని వాయిదాలు ఎందుకు?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగినప్పటి నుంచి వినిపిస్తున్న ప్రశ్న ఇది. నిజానికి పటాన్‌చెరుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1990లో ఇక్కడి వాగుల కాలుష్యంపై సుప్రీంకోర్టులో కేసు పడినప్పుడూ జనం ఇదే అడిగారు. ఆ కేసు తేలేసరికి 2017 వచ్చింది. అంటే 27 ఏళ్లు.

ఇంతకీ జడ్జి ఒక కేసును ఎలా తేలుస్తారు? మంచివాళ్లైతే న్యాయం చేస్తారు, లేకపోతే చేయరు.. అన్నంత సింపుల్‌గా ఉండదు వ్యవహారం. ఏ జడ్జి అయినా మూడు ప్రశ్నలకు జవాబు వెతకాల్సిందే. రుజువు చేయాల్సింది ఎవరు? ఎవరి రిపోర్టును నమ్మాలి? ఇచ్చిన ఆర్డర్‌ను అమలు చేయించేది ఎవరు? పటాన్‌చెరు కథ మొత్తం ఈ మూడింటి చుట్టే తిరుగుతోంది.

ఒకే పేలుడు.. మూడు త్రాసులు

చాలామంది "కోర్టు" అంటే ఒక్కటే అనుకుంటారు. కానీ పాశమైలారం లాంటి ప్రమాదం మూడు రకాల త్రాసుల మీదకు వెళ్తుంది. ఒక్కోదాంట్లో తూకం రాళ్లు వేరు.

మొదటిది క్రిమినల్ కేసు. ఇక్కడ ఒక మనిషిని జైలుకు పంపాలా వద్దా అన్నది తేల్చాలి. అందుకే సహేతుకమైన అనుమానం ఏ మాత్రం మిగలకుండా నేరం రుజువు కావాలి. ఆ భారం పూర్తిగా పోలీసులదే. అనుమానం మిగిలితే నిందితుడికే లాభం.

రెండోది పరిహారం కేసు. ఇక్కడ జైలు మాట ఉండదు, నష్టం ఎవరు భరించాలన్నదే ప్రశ్న. రెండు వైపుల వాదనల్లో ఏది ఎక్కువ నమ్మేలా ఉంటే అటే మొగ్గు. ముల్లు కొంచెం వాలినా చాలు.

మూడోది హైకోర్టులో వేసే ప్రజాప్రయోజన వ్యాజ్యం. సిగాచీ ఘటనపై ఒక రిటైర్డ్ సైంటిస్ట్ వేసిన పిల్‌పై తెలంగాణ హైకోర్టు విచారణ చేపట్టింది. దర్యాప్తు నడుస్తున్న తీరుపై సర్కారును సూటిగా ప్రశ్నించింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పిల్‌లో హైకోర్టు ఎవరికీ శిక్ష వేయదు. సర్కారు, పోలీసులు, ఫ్యాక్టరీల శాఖ తమ పని తాము చేస్తున్నారా లేదా అని చూస్తుంది. చేయకపోతే చేయిస్తుంది. "హైకోర్టు సీరియస్" అని బ్రేకింగ్ వచ్చిందంటే దోషి తేలిపోయినట్టు కాదు.

తెలిసి చేశారా? తెలియక జరిగిందా?

సిగాచీ పేలుడు కేసు బీడీఎల్ భానూర్ పోలీస్ స్టేషన్‌లో నమోదైంది. యంత్రాలు పాతబడ్డాయని ముందే చెప్పినా పట్టించుకోలేదన్నది బాధితుల వైపు నుంచి వచ్చిన ప్రధాన ఆరోపణ. ప్రస్తుతానికి అది ఆరోపణే. రుజువైన నిజం కాదు. కానీ రేపు విచారణలో కేసు మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడొచ్చు.

అదెలా అంటే.. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. అదే "ఇలా నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపారు" అని రుజువైతే 105 సెక్షన్. పదేళ్ల వరకు పడొచ్చు. చంపే ఉద్దేశమే ఉందని తేలితే యావజ్జీవం దాకా వెళ్తుంది. చావులు అవే, ఫ్యాక్టరీ అదే. "తెలుసు" అన్న ఒక్క మాట శిక్షనే మార్చేస్తుంది.

ఈ మాట ఎంత బరువైందో భోపాల్ చూపించింది. 1984 గ్యాస్ లీక్ కేసులో కంపెనీ పెద్దలపై మొదట పెద్ద సెక్షన్ కిందే అభియోగాలు మోపారు. కానీ రికార్డులో ఉన్న ఆధారాలు దానికి చాలవని 1996లో సుప్రీంకోర్టు వాటిని నిర్లక్ష్యం సెక్షన్‌కు తగ్గించింది. ఫలితం? 2010 జూన్‌లో తీర్పు వస్తే పడింది రెండేళ్ల జైలు. వేలమంది ప్రాణాలకు రెండేళ్లా అని దేశమంతా మండిపడింది. నిజానికి ఆ రెండేళ్లు 2010లో కాదు, 1996లోనే ఖాయమైపోయాయి. సెక్షన్ మారిన రోజే గరిష్ఠ శిక్ష కూడా మారిపోయింది.

అందుకే పాశమైలారం కేసులో శిక్ష కంటే ముందు చూడాల్సింది చార్జిషీట్‌లోని కాగితాల్ని. మెయింటెనెన్స్ రిజిస్టర్లు, డ్రయ్యర్ టెంపరేచర్ రికార్డులు, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ల నోట్స్, కార్మికులు పంపిన మెసేజ్‌లు. ఇవి దొరికితే "తెలుసు" అన్న మాట నిలబడుతుంది. దొరక్కపోతే జడ్జికి ఎంత కోపం ఉన్నా చేయగలిగింది తక్కువ. జడ్జి సొంతంగా తెలుసుకున్న విషయంతో తీర్పు రాయకూడదు. రోజూ పటాన్‌చెరు మీదుగా వెళ్తూ ఆ గాలి ఘాటు తనే పీల్చినా సరే, ఫైల్లో లేనిది తీర్పులోకి రాకూడదు.

తప్పు లేదంటే సరిపోదు

డబ్బు దగ్గరకొస్తే లెక్క మారిపోతుంది. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలోని శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబర్‌లో జస్టిస్ పీఎన్ భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం ఒక పెద్ద గీత గీసింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసేవాడు, దానివల్ల ఎవరికి హాని జరిగినా పరిహారం కట్టాల్సిందే. జాగ్రత్తలన్నీ తీసుకున్నాం, మా తప్పేం లేదు అంటే కుదరదు. పైగా కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలి. దీన్నే సంపూర్ణ బాధ్యత సూత్రం అంటున్నారు.

ఈ పేలుడు జరిగే నాటికి కార్మికులకు దీనికంటే పాత చట్టం కూడా ఉండేది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని ప్రకారం పనిలో చనిపోతే యజమాని తప్పును రుజువు చేయక్కర్లేదు. లెక్క ఇలా ఉండేది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. జీతం ఎంతున్నా 15 వేల వరకే లెక్కలోకి తీసుకునేవారు. 25 ఏళ్ల కుర్రాడైతే 7,500ను 216.91తో గుణిస్తే 16,26,825 రూపాయలు. ఈఎస్ఐ ఉన్నవాళ్ల కుటుంబాలకు ఈ మొత్తానికి బదులు నెలనెలా పింఛను వస్తుంది.

సిగాచీ మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇస్తామని కంపెనీ ప్రకటించింది. చట్టం లెక్క కంటే ఇది చాలా ఎక్కువే. కానీ ప్రకటన వేరు, కోర్టు ఆర్డర్ వేరు. ప్రకటించిన డబ్బు ఆలస్యమైతే అడుక్కోవాలి. ఆర్డర్ ఉన్న డబ్బు ఆలస్యమైతే వసూలు చేయించుకోవచ్చు. బిహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసిన వాళ్ల కుటుంబాలకు ఈ తేడా చాలా పెద్దది. ప్రతి వాయిదాకూ రైలెక్కి రావడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

మృతదేహం దొరకని ఇంటి సంగతేంటి?

54 మందిలో 8 మంది ఆచూకీ చివరిదాకా దొరకలేదు. శిథిలాలు తవ్వారు, డీఎన్ఏ పరీక్షలు చేశారు. అయినా ఇంటికి పంపడానికి ఏమీ మిగల్లేదు.

మామూలుగా ఒక మనిషి కనిపించకుండా పోతే చనిపోయాడని చట్టం భావించడానికి ఏడేళ్లు పడుతుంది. డెత్ సర్టిఫికెట్ లేకపోతే ఇన్సూరెన్స్ రాదు, పీఎఫ్ రాదు. మరి ఏడేళ్లు ఆగాలా? అవసరం లేదు. ఆ ఏడేళ్ల రూల్ ఏ ఆధారమూ లేనప్పుడు. ఆ రోజు షిఫ్ట్‌కు వచ్చాడని హాజరు రికార్డు ఉండి, మంటల తీవ్రత ఎంతో నిపుణులు చెప్పి, బయటికొచ్చినవాళ్లలో అతను లేడని తేలితే.. చనిపోయాడన్న నిర్ణయానికి ముందే రావచ్చు. అంటే ఆ కుటుంబానికి గేటు దగ్గరి హాజరు పట్టీయే దిక్కు. కాంట్రాక్టర్ కింద పేరు రాయకుండా పనిలో పెట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కెమిస్ట్రీ చదవని జడ్జి.. నక్కవాగును ఎలా చూశారు?

ఇప్పుడు పాత కేసుకు వద్దాం. 1970ల్లో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత బొల్లారం వైపూ పెరిగింది. బల్క్ డ్రగ్స్, పురుగుమందులు, రసాయనాలు.. వాటి వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల్లోకి, అక్కడి నుంచి మంజీర వైపు పారాయి. పోచారం, బచ్చుగూడెం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, కాజీపల్లి లాంటి ఊళ్లలో బావులు పాడయ్యాయి, పొలాలు చచ్చిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటి వాళ్లు దశాబ్దాల పాటు దీనిపై కొట్లాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఢిల్లీలో కూర్చున్న జడ్జికి నక్కవాగు ఎక్కడుందో తెలియదు. నీళ్లలో ఏం కలిసిందో అస్సలు తెలియదు. అందుకే కోర్టు తన కళ్లుగా వేరేవాళ్లను పెట్టుకుంది. ఊళ్లలో నష్టం ఎంతో తేల్చమని సంగారెడ్డిలోని జిల్లా జడ్జికి చెప్పింది. నీళ్ల సంగతి చూడమని కాలుష్య నియంత్రణ మండళ్లను అడిగింది. ఆ రిపోర్టుల మీదే రైతులకు పరిహారం ఆర్డర్లు, ఊళ్లకు మంచినీళ్ల ఆర్డర్లు వచ్చాయి.

జిల్లా జడ్జిని పంపడం చిన్న విషయం కాదు. కంపెనీ తరఫు రిపోర్టుకు, సర్కారు రిపోర్టుకు మధ్య మూడో కన్ను అది. వాగు గట్టున నిలబడి రైతు మాట విన్న మనిషి రాసిన కాగితం కోర్టు ఫైల్లోకి వెళ్లింది. ఊరందరికీ తెలిసిన నిజం అప్పుడే "రికార్డు" అయింది.

అనుమానం ఉంటే లాభం ఎవరికి?

రిపోర్టులు కూడా ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటే? ఒక సైంటిస్ట్ ప్రమాదం అంటే ఇంకో సైంటిస్ట్ ఏం కాదు అంటే? అప్పుడు జడ్జి ఏం చేయాలి?

దీనికి జవాబు మన హైదరాబాద్ చెరువుల కేసులోనే దొరికింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలోనే ఒక ఆయిల్ పరిశ్రమ పెట్టుకుంటామంటే పొల్యూషన్ బోర్డు కాదంది. అప్పీల్‌లో పరిశ్రమ గెలిచింది, హైకోర్టులోనూ గెలిచింది. తమ టెక్నాలజీ సేఫ్ అని నిపుణుల మాటలు చూపించింది.

1999 జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున జస్టిస్ ఎం.జగన్నాధరావు తీర్పు రాశారు. అందులో అసలు మలుపు ఇది. సైన్స్‌లో అనిశ్చితి ఉన్నప్పుడు, హాని లేదని చూపించాల్సిన భారం పరిశ్రమదే. హాని ఉందని ఊరు రుజువు చేయక్కర్లేదు. అనుమానం మిగిలితే లాభం చెరువుకు, పరిశ్రమకు కాదు. 2000 డిసెంబర్‌లో వచ్చిన తుది తీర్పులో ఆ పరిశ్రమకు దారి మూసుకుపోయింది.

ముందు చెప్పుకున్న క్రిమినల్ కేసుకు ఇది పూర్తిగా ఉల్టా. అక్కడ అనుమానం నిందితుడికి లాభం. ఇక్కడ అనుమానం ప్రకృతికి లాభం. ఎందుకంటే అక్కడ జడ్జి పొరపాటు చేస్తే పోయేది ఒక మనిషి స్వేచ్ఛ. ఇక్కడ పొరపాటు చేస్తే పోయేది లక్షలమంది తాగే నీళ్లు. ఏ పొరపాటు జరిగితే మళ్లీ సరిదిద్దలేమో, దాని వైపు నుంచి రూల్ పెట్టారు.

జస్టిస్ జగన్నాధరావు అక్కడితో ఆగలేదు. జడ్జిలకు సైన్స్ తెలియదు, అధికారులకు చట్టం తెలియదు కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చునే కోర్టు కావాలన్నారు. తర్వాత ఆయనే లా కమిషన్ చైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో అదే సిఫారసు చేశారు. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రైబ్యునల్, అంటే ఎన్జీటీ, ఆ ఆలోచనే. అక్కడ జడ్జి పక్కన నిపుణుడు కూడా కూర్చుంటాడు. చివరికి పటాన్‌చెరు కేసు కూడా సుప్రీంకోర్టు నుంచి 2001లో హైకోర్టుకు, అక్కడి నుంచి ఎన్జీటీకే చేరింది.

సీసాలో పట్టిన నీళ్లు చెల్లవా?

వాగు ఎర్రగా మారగానే సీసాలో పట్టి వీడియో తీసి పెడతాం. అది కోర్టులో చెల్లుతుందా? నీటి చట్టం, 1974 ప్రకారం పరిశ్రమ నుంచి శాంపిల్ తీయడానికి ఒక పద్ధతి ఉంది. బోర్డు మనిషి నోటీసు ఇవ్వాలి, పరిశ్రమ మనిషి ముందే నీళ్లను రెండు భాగాలు చేయాలి, సీల్ వేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ఆ ల్యాబ్ రిపోర్టు సాక్ష్యంగా పనికిరాదు. పెద్ద పెద్ద కేసులు సీల్ దగ్గరే ఓడిపోయేది ఇందుకే.

అలాగని మీ వీడియో వేస్ట్ కాదు. తేదీ, టైమ్, చోటు తెలిసేలా ఉంటే, బోర్డును కదిలించడానికి, శాంపిల్ తీయమని ఎన్జీటీ ఆర్డర్ ఇవ్వడానికి అది చాలు. పరిహారం కోసం ఎన్జీటీకి వెళ్లాలంటే ఐదేళ్ల గడువు ఉంది. పర్యావరణ వివాదం తేల్చమని వెళ్లాలంటే ఆరు నెలలే. ఈ గడువులు చాలా ఊళ్లకు తెలియవు.

కొలిచే కర్రే లేకపోతే?

పటాన్‌చెరులో ఇంకో విచిత్రం జరిగింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ టీమ్ ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించిన ఫలితాలు అచ్చయ్యాయి. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. శుద్ధి చేశాక కూడా లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. లెక్కేస్తే రోజుకు దాదాపు 45 కిలోల యాంటీబయాటిక్ వాగులోకి పోతోందని తేలింది. ప్రపంచమంతా షాకైంది.

కానీ జడ్జి దగ్గరకెళ్తే మొదటి ప్రశ్న.. "లిమిట్ ఎంత?" నీళ్లలో యాంటీబయాటిక్ ఇంత మించకూడదని రూల్ ఉంటేనే మించిందని చెప్పగలరు. 2020లో కేంద్రం డ్రాఫ్ట్ రూల్స్‌లో అలాంటి పరిమితులు పెట్టింది. 2021లో వచ్చిన ఫైనల్ రూల్స్‌లో అవి లేవు. కొలబద్ద చేసేది సర్కారు, కొలిచేది కోర్టు. కొలబద్దే చేతికివ్వకుండా కోర్టు ఎందుకు కొలవలేదంటే ఎలా?

ఆర్డర్ వచ్చింది.. తర్వాతేంటి?

మొదటి రెండు ప్రశ్నలకు మన కోర్టులు మంచి జవాబులే కనిపెట్టాయి. గండి పడింది మూడో దగ్గర. పటాన్‌చెరు కేసులో ఆర్డర్లు వచ్చాయి, కమిటీలు వచ్చాయి. వ్యర్థజలాల్ని శుద్ధి చేసి పైప్‌లైన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. నక్కవాగు బాధను మూసీకి మార్చారన్న విమర్శ వచ్చింది. కేసు మొదలై 19 ఏళ్లయ్యాక, 2009లో కేంద్రం చేసిన సర్వేలోనూ పటాన్‌చెరు-బొల్లారం దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలోనే ఉంది. 1990లో పొలం పోయిన రైతు కొడుక్కి 2017లో పెళ్లీడు పిల్లలుంటారు.

ఆలస్యానికి మందు లేదా? ఉంది. పటాన్‌చెరు కేసు వేసిన సంస్థే రాజస్థాన్‌లోని బిఛ్రీ అనే ఊరి కోసం ఇంకో కేసు వేసింది. 1996 ఫిబ్రవరిలో తెలుగువాడైన జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి తీర్పు రాస్తూ పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్నారు. కంపెనీ రకరకాల పిటిషన్లతో 15 ఏళ్లు లాగింది. 2011లో సుప్రీంకోర్టు ఏం చేసిందంటే.. కట్టాల్సిన 37 కోట్ల చిల్లరపై ఏటా 12 శాతం చక్రవడ్డీ వేసింది. వాయిదా వేయించుకున్న ప్రతి ఏడాదీ కంపెనీకే బరువయ్యేలా చేసింది.

ఇంకో దారి విశాఖలో కనిపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైతే, మర్నాడే ఎన్జీటీ తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. తప్పెవరిదో పూర్తిగా తేలకముందే డబ్బు పక్కన పెట్టించింది. అక్కడ ఒక్క రోజు, ఇక్కడ 27 ఏళ్లు. మధ్యలో చట్టాలు మారిన మాట నిజమే. కానీ ముందు డబ్బు కట్టించి తర్వాత వాదనలు వినొచ్చన్న తెగువ కూడా అవసరమే.

ఇప్పుడు ఏం చూడాలి?

పాశమైలారం కేసులో వచ్చే ప్రతి వాయిదాకు "కోర్టు ఆగ్రహం" అన్న హెడ్‌లైన్ వస్తుంది. ఆగ్రహాన్ని పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. చార్జిషీట్‌లో "తెలుసు" అని చూపించే కాగితం ఉందా? నిపుణుల కమిటీ రిపోర్టు కోర్టు రికార్డులోకి వెళ్లిందా? కుటుంబాలకు ఇస్తామన్న కోటి రూపాయలకు తేదీ వేసిన ఆర్డర్ ఉందా, ఆ తేదీ దాటితే వడ్డీ ఉందా?

ఈ మూడూ ఉంటే తీర్పు ఎవరు రాసినా బాధితుల చేతికి ఏదో ఒకటి వస్తుంది. లేకపోతే ఎంత గొప్ప జడ్జి రాసినా, నక్కవాగు తీర్పులాగే మనవళ్లు చదువుకోవాల్సి వస్తుంది.